కట్టుబడి బంట్రోతు ఏమైనాడు?

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటను గూర్చి మన విమర్శకులు చాలా వ్రాశారు. అందులోని వీరరసాన్ని మెచ్చుకొన్నారు, రేనాటి పలుకుబడిని మెచ్చుకొన్నారు, 1857కు పదకొండేళ్ళ ముందే తెల్లవాని మీద కత్తి దూసినవాడు మనవాడేనని గర్వపడ్డారు. ఈ మెచ్చుకోలులో అబద్ధమేమీ లేదు. కాని అతని వెనుక కత్తి పట్టి నడిచినవాళ్ళు ఎవరు, వాళ్ళ చేతికి ఆ కత్తి ఎట్లా వచ్చింది, ఏ కష్టం వచ్చి నడిచారు అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మన విమర్శ "ప్రజలు" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకొంటుంది. మాట మంచిదే. కాని అంత మంచి మాటను అడ్డం పెట్టి అసలు మనుషులను కనబడకుండా చేయడం కూడా సాధ్యమే.

నరసింహారెడ్డి దండులో ముఖ్యమైన భాగం కట్టుబడి బంట్రోతులు. వీళ్ళ పెద్దలు పాలెగాళ్ళ సైనికులు. కంపెనీ వచ్చిన తరువాత వీళ్ళు ఊళ్ళ కావలి చూచే పోలీసులు. సైనికం పోయి పోలీసు పనిలో కుదిరి, చివరికి తమవంటి సైనిక కుటుంబాల బ్రతుకుతెరువు కోసం ఆ పనినే తిరగదన్నినవాళ్ళు. ఈ మనిషిని మన సాహిత్యం ఎట్లా చూచింది, ఎక్కడ చూడలేకపోయింది అన్నది నా విచారణ. ఇది ఒక్క పాటను గూర్చిన తగవు కాదు. సైన్యం నుంచి తిరిగివచ్చినవాడు ఖాకీ తొడుక్కోవడం ఈనాటికీ మన జిల్లాలలో ఒక బ్రతుకుదారి. అతణ్ణి గూర్చి ఎట్లా ఆలోచించాలో తెలియకపోతే అతని పూర్వుణ్ణి గూర్చి వ్రాసేదీ తప్పుదారి పడుతుంది.

కొంచెం చరిత్ర చెప్పక తప్పదు. పాలెం అంటే దండు విడిసిన తావు. విజయనగర ప్రభువులు సరిహద్దులలోనూ కొండల వారగా కనుమల దగ్గరా దండును నిలిపి, దాని నాయకునికి కొన్ని ఊళ్ళ రాబడి అప్పగించారు. అతడే పాలెగాడు. విజయనగరం పోయింది. గోలకొండ వచ్చింది, మొగలాయీలు వచ్చారు, కడప నవాబు వచ్చాడు, హైదరు వచ్చాడు, నిజాం వచ్చాడు. పాలెగాడు మాత్రం కదలలేదు. అతని కింది బంటుకు జీతం రొక్కంగా ముట్టింది తక్కువ, ముట్టింది భూమి. నామమాత్రపు శిస్తు చెల్లించి ఆ భూమిని దున్నుకోవచ్చు. పిలిస్తే కత్తీ బల్లెమూ తీసుకొని రావాలి. పిలవనప్పుడు ఊరి కావలి చూడాలి. కట్టుబడి అన్న మాటలో రెండు అర్థాలూ ఇమిడి వున్నాయి: కుదుర్చుకొన్న శిస్తు ఒకటి, మాటకు కట్టుబడి వుండడం ఒకటి. యుద్ధం వుంటే సైనికుడు, లేనప్పుడు పోలీసు. ఈ రెంటినీ వేరు చేసి చూడడం తరువాతి కాలపు అలవాటు.

1800 అక్టోబరులో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ఎందుకు? తన రక్షణకని కంపెనీ నిలిపిన సైన్యపు ఖర్చు కింద. దత్తమండలాలు అన్న పేరు వింటే దానమేదో జరిగినట్లుంటుంది. నిజానికి ఒక సైన్యపు జీతాల లెక్కలో ఈ సీమ చేతులు మారింది. అప్పటికి ఇక్కడ 80 మంది పాలెగాళ్ళు, వాళ్ళ కింద 30,000 మంది సాయుధులు వున్నట్లు కంపెనీవాళ్ళ లెక్క. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో కూడా సైనికుడే. 1780లో కేడెట్టుగా మద్రాసులో దిగి, హైదరుతోనూ టిప్పుతోనూ జరిగిన యుద్ధాలలో పనిచేసి, తరువాత శిస్తు పనిలోకి మారినవాడు. సైన్యం నుంచి సివిలు అధికారానికి వచ్చిన మనిషి మరొక సైన్యాన్ని రద్దుచేసే పనికి పూనుకొన్నాడు. అందుకు కావలసిన తుపాకులు జనరల్ కాంబెల్ తెచ్చాడు. ఎదిరించిన పాలెగాళ్ళను తరిమారు. లొంగినవాళ్ళకు పింఛను కట్టారు.

పాలెగాడికి పింఛను సరే, అతని బంట్ల మాట ఏమిటి? ఆయుధం తప్ప వేరే విద్య నేర్వని మనిషిని ఒక్కసారిగా ఇంటికి పొమ్మంటే అతడు దారి కాస్తాడు. పాలకులకు ఇది తెలుసు. అందుచేత కొందరి ఇనాం భూములను వాళ్ళ చేతిలోనే వుంచి కావలి పనీ పోలీసు పనీ అప్పజెప్పారు. దొంగగా మారగలవాణ్ణి దొంగలను పట్టే పనిలో పెట్టడం చాలా పాత రాజనీతి. 1816 నాటి పదకొండవ రెగ్యులేషను గ్రామ పోలీసును చట్టంలోకి తెచ్చింది. ఊరిపెద్దకూ తలారికీ ఆ బాధ్యత వచ్చింది. పైన కలెక్టరే మేజిస్ట్రేటు. శిస్తూ పోలీసూ ఒకే చేతిలో పడ్డాయి. దాని ఫలితం రైతు వంటి మీద ఎట్లా పడిందో 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ సంఘపు నివేదికలో చూడవచ్చు: ఎండలో నిలబెట్టడం, మెడను వంచి కాళ్ళకు కట్టివేయడం, వేళ్ళను కర్రల మధ్య నొక్కడం. ఆ నివేదికను మన విద్యార్థులు తప్పక చదవాలి. పోలీసును శిస్తు వసూలు నుంచి వేరుచేసిన 1859 నాటి మద్రాసు పోలీసు చట్టం ఈ నివేదిక వెనుకనే వచ్చింది.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక మాటల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. మనం కాలేజీ సిబ్బంది అంటాము, ఆసుపత్రి సిబ్బంది అంటాము. సిబ్బంది అంటే మొదట శిస్తు వసూలుకూ ఊళ్ళ అదుపుకూ పెట్టుకొన్న చిల్లర సేన. జమేదారు, దఫేదారు అన్నవి దండులోని హోదాలు. పోగా పోగా కలెక్టరు గుమ్మం దగ్గర నిలబడేవాని హోదాలైనాయి. బంటు అన్న వీరుడే బంట్రోతు. జవాను అంటే సరిహద్దులో కాపలా కాచేవాడు, ఆఫీసులో ఫైళ్ళు మోసేవాడు కూడా. ఉత్తరాదిన సిపాయిని "తిలంగా" అని పిలిచేవాళ్ళంటే మన దేశం పేరే సిపాయి పేరయిందన్నమాట. కడపలో ఉద్యోగం చేసిన బ్రౌను దొర 1852లో తన నిఘంటువును అచ్చు వేసేనాటికి ఈ మాటలన్నీ కత్తికీ కాగితాలకట్టకూ మధ్య దారిలో వున్నాయి. సైనికులను గుమ్మాల ముందుకు తెచ్చి నిలబెట్టిన చరిత్ర ఏ గ్రంథంలో లేకపోయినా మన నోటి మాటలో నిలిచివుంది.

ఇక 1846. మన్రో కాలంలో ఆయుధం దించినవాడు అప్పటికి ముసలివాడై వుండాలి, లేదా పోయివుండాలి. అతని కొడుకో మనుమడో ఆ భూమి మీద వున్నాడు. కట్టుబడి ఇనాందారు చనిపోతే ఇనాం వారసునికి పోకుండా ప్రభుత్వానికి చేరాలన్న ఉత్తరువు అప్పుడు వచ్చింది. ఖజానా లెక్కల్లో ఇది చిన్న సవరణ. ఎవరి చేతిలోని భూమీ ఈ రోజు పోదు. చచ్చినప్పుడు కదా పోయేది! కాని కట్టుబడివాని ఇంటిలో దీని అర్థం వేరు. తండ్రి పాడె లేచిన పూటనే గింజల గాదె కూడా లేచిపోతుంది. ఇంటి ముసలివానికి జ్వరం తగిలితే ఆ ఇంటి చేను ప్రమాదంలో పడినట్లే. బ్రతికి వున్నవానికి వున్నట్లే వుంచి, అతని తరువాతివాణ్ణి నరికే ఈ పద్ధతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని దగ్గరికి రావలసి వుంటుంది.

అదే సమయంలో నరసింహారెడ్డికి వేరొక తగవు. పాలెగాళ్ళ వంశంవాడు, నెలకు 11 రూపాయల చిల్లర పింఛను. నొస్సం జయరామిరెడ్డి వారసుడు లేక పోయినప్పుడు ఆ పింఛనులో తనకు భాగం రావాలన్నాడు, ప్రభుత్వం కుదరదన్నది. ఆనాడు కోవెలకుంట్ల కడప జిల్లాలోనిదే. 1858లో కర్నూలు జిల్లాలోకి పోయింది, ఇప్పుడు నంద్యాల జిల్లాలో వుంది. ఒకచోట పింఛను తగవు, పక్కనే ఇనాం తగవు. రెండూ కలిసి 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాయి. గిద్దలూరు వైపున కంపెనీ సైన్యంతో పోరాటం జరిగింది. తరువాత నల్లమల, ఎర్రమల కొండలు. అక్టోబరు 6న పేరుసోముల దగ్గర నాయకుడు పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. తలను కోట మీద వేలాడదీసి 1877 దాకా దించలేదు. వెంట వున్నవాళ్ళను వందల సంఖ్యలో పట్టుకొని వందమందికి పైగా శిక్షలు వేశారు.

నెలకు 11 రూపాయల మనిషి ఇన్ని వందలమందికి జీతమిచ్చి తిప్పగలడా? ప్రభువు మీది భక్తితో వచ్చారంటారా, ఆ ప్రభుత్వం పోయి అప్పటికి నలభై అయిదేళ్ళు. భక్తి కూడా కొంత వుండవచ్చు, నేను కాదనను. కాని భక్తి అన్నం పెట్టని చోట అంతకాలం నిలిచివుండదు. ఇనాం పోతుందన్న భయం వాళ్ళను కదిలించింది. ప్రభుత్వం వైపున వుండి వ్రాసినవాళ్ళు కూడా ఈ కారణాన్ని దాచలేదు. దొరలు దాచని కారణాన్ని మనం ఎందుకు దాచుకొంటున్నాము?

ఇప్పుడు పాట దగ్గరికి వస్తాను. తంగిరాల వెంకట సుబ్బారావుగారు శ్రమపడి ఈ గాథను సేకరించి పరిశీలించారు. ఆయన "రేనాటి సూర్యచంద్రులు" పుస్తకంలో ఇద్దరు ఉయ్యాలవాడ వాళ్ళు వున్నారు: ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి, కరువులో జనానికి గంజి పోసిన బుడ్డా వెంగళరెడ్డి. ఒకణ్ణి తెల్ల ప్రభుత్వం చంపింది, ఒకణ్ణి మెచ్చుకొన్నది; ఊరు ఇద్దరినీ పాడుకొన్నది. జనం తీర్పు ప్రభుత్వపు తీర్పును బట్టి నడవదని దీనివల్ల తెలుస్తున్నది.

పాట చేసిన పెద్ద మేలు ఒకటుంది. దాన్ని ముందు చెప్పకపోతే అన్యాయమవుతుంది. ప్రభుత్వం ఆ తలను ముప్ఫయి ఏళ్ళు వేలాడదీసింది. దారిన పోయే ప్రతివాడూ తల ఎత్తి చూచి భయపడాలని దాని ఉద్దేశం. అంత పెద్ద బెదిరింపు కళ్ళ ఎదుట వుండగా, దాని కిందనే జనం పాట కట్టుకొని పాడారు. కలెక్టరు కచ్చేరీలో ఇది రాజద్రోహి కథ. జొన్నచేలో కలుపు తీసే ఆడమనిషి నోట ఇది ఇంటి మనిషి కథ. చదువు రాని జనం అధికార చరిత్రకు ఎదురు చరిత్ర ఇట్లా వ్రాసుకొన్నారు. అభ్యుదయ సాహిత్య విద్యార్థి ఎవడూ దీన్ని తక్కువ చేసి మాట్లాడడు.

ఐతే ఆ ఎదురు చరిత్రలో సైతం కట్టుబడివానికి దక్కింది ఏమిటి? నేను విన్నంతవరకు, అచ్చులో చదివినంతవరకు, అతడు వున్నచోట కూడా బలగంగా వున్నాడు, మనిషిగా లేడు. రెడ్డి రోషపడతాడు, రెడ్డి మాట ఇస్తాడు, రెడ్డి కొండ ఎక్కుతాడు. గోసాయి వెంకన్న గురువుగా నిలుస్తాడు. కథను నడిపే కారణం రెడ్డికి జరిగిన అవమానం. చేను పోతుందన్న దిగులు కథను నడపదు. వీరగాథ లక్షణమే అంత, ఒక్క నాయకుడు కావాలి కదా అని కొందరు అంటారు. అది పూర్తిగా నిజం కాదు. పల్నాటి కథలో మాల కన్నమదాసు లేడా? బ్రహ్మనాయుని పక్కన సేనాపతిగా, పేరుతో, పౌరుషంతో నిలిచాడు. కాబట్టి ఈ లోపాన్ని ప్రక్రియ మీదికి తోసివేసి తప్పించుకోలేము. పాడేవాని జోలెలో గింజలు వేసిన చేయి ఎవరిది అన్నది కూడా అడగాలి. ఊళ్ళు తిరిగి పాడే గాయకుడు ఊరిపెద్ద వాకిట్లో రాత్రి గడపాలి. పెద్దరెడ్డి వాకిట్లో కూర్చొని పెద్దరెడ్డి వంశపు పౌరుషాన్ని పాడినంత సుఖంగా, ఆ వంశం కింద బంటుగా బ్రతికినవాని చేని కథ పాడడం కుదరదు. గాయకుణ్ణి నేను తప్పు పట్టడం లేదు. అతని కడుపు కూడా ఒక కడుపే.

ఇక 2019 అక్టోబరులో వచ్చిన "సైరా నరసింహారెడ్డి" సినిమా. దీన్ని గూర్చి ఎక్కువ చెప్పనవసరం లేదు. కథ చెప్పడానికి ఝాన్సీ లక్ష్మీబాయిని పిలుచుకొని వచ్చారు. రేనాటి తగవు రేనాటివాడు చెబితే చాలదని కాబోలు. పన్నులూ కరువూ కారణాలుగా చూపారు, అంతవరకు నయమే. కాని కట్టుబడి ఇనాం అన్నది అందులో కథను నడిపే కారణం కాలేదు. వేలమంది జూనియర్ ఆర్టిస్టులు బల్లేలు పట్టుకొని పరుగెత్తారు. వాళ్ళకు ఆ బల్లెం ఎక్కడిదో తెరమీద ఎవరికీ పట్టలేదు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి నరసింహారెడ్డి పేరు పెట్టారు. వడ్డె ఓబన్న పేరు కూడా ఇటీవలి సంవత్సరాలలో ముందుకు వచ్చింది, సంతోషం. శిక్షలు పడిన వందమంది పేర్లు ఏ పాటలోనూ లేవు.

ఇంతవరకు చదివి, కట్టుబడివాణ్ణి నేను కొత్త నాయకునిగా నిలబెట్టబోతున్నానని మిత్రులు అనుకోవచ్చు. అదీ పొరపాటే. అతడు పాలెగాని కర్ర. పాలెగాడు రైతు మీద వేసిన కావలి రుసుము వసూలు చేసింది అతడే. అతని భూమికి శిస్తు తగ్గితే ఆ తగ్గిన బరువు పక్క రైతు మీద పడింది. కంపెనీ కింద పోలీసుగా వున్నప్పుడు కూడా అతని చేతిలో దెబ్బ తిన్నవాడు జీతగాడో కూలివాడో అయివుంటాడు గాని ఊరిపెద్ద కాదు. 1846లో అతడు లేచింది తన ఇనాం కోసం. రైతు శిస్తు తగ్గించమని కాదు. తిరుగుబాటులో ఊళ్ళు కూడా దోపిడీకి గురయ్యాయి. ఇవన్నీ నిజాలే. మరి ఎందుకు అతణ్ణి గూర్చి ఇంత పట్టుదల అంటే, ఒకే మనిషి రాజ్యం చేతి కర్రగా ఎట్లా మారతాడో, ఆ రాజ్యమే తన అన్నాన్ని లాక్కొన్న రోజున ఎట్లా తిరగబడతాడో ఇతనిలో కనిపిస్తుంది. ఆ మలుపును అర్థం చేసుకోలేని సాహిత్యం అతణ్ణి దేవుణ్ణి చేస్తుంది, లేకుంటే రాక్షసుణ్ణి చేస్తుంది.

ఈ సీమ జనం మన్రోను కూడా మరచిపోలేదన్నది ఇక్కడ ఆలోచించదగిన విషయం. 1827లో అతడు పత్తికొండలో కలరా తగిలి చనిపోయాడు. తరువాత చాలాకాలం పిల్లలకు మండ్రోలయ్య అని పేరు పెట్టుకొన్నారు. పాలెగాణ్ణి అణచినవాని పేరు పిల్లవానికి పెట్టి, అదే పిల్లవానికి పాలెగాని పాట పాడి నిద్రపుచ్చారు! దీన్ని చూచి మన మేధావులు జనానికి నిలకడ లేదంటారు. నాకు అట్లా తోచదు. పాలెగాడు పోతే రైతుకు కొంత ఊపిరి తిరిగింది. ఆ మేరకు మన్రో. శిస్తు దగ్గర కంపెనీ కూడా పాలెగాడే అని తేలింది. ఆ మేరకు నరసింహారెడ్డి. జనం లెక్క జనానికి వుంది.

ఇదంతా రెండువందల ఏళ్ళ నాటి మాట, ఇప్పుడెందుకు అనవచ్చు. మా కాలేజీ మైదానంలో తెల్లవారుజామున నాలుగున్నరకే పిల్లలు పరుగెత్తుతుంటారు. కొందరు సైన్యానికి, కొందరు పోలీసు కానిస్టేబులు పరీక్షకు, చాలామంది రెంటికీ. ఏది ముందు వస్తే అది. కొండవార మెట్ట భూముల నుంచి, వాన వస్తే శనగ, రాకపోతే అప్పు అన్న ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు. నేను కట్టుబడి సంగతి చెబుతున్నప్పుడు వాళ్ళలో ఒకడు లేచి, "ఇంతకూ కట్టుబడోడు మిలిట్రీనా, పోలీసా సార్?" అని అడిగాడు. "నువ్వు?" అన్నాను. తరగతి అంతా నవ్వింది. వాడూ నవ్వాడు.

వాని మేనమామ పదిహేడేళ్ళు సైన్యంలో చేసి వచ్చి, ఇప్పుడు ఒక ఠాణాలో కానిస్టేబులు. డ్యూటీ దిగిన తరువాత ఆయన చేసే రెండవ ఉద్యోగం ఒకటుంది. చుట్టుపక్కల పల్లెల్లో వున్న పాత సైనికులకూ, వాళ్ళ భార్యలకూ పింఛను కాగితాలు నింపడం. నవంబరులో బ్రతికివున్నామన్న సర్టిఫికెట్టు పెట్టించడం. పింఛను "స్పర్శ్" అనే కంప్యూటరు పద్ధతిలోకి మారిన తరువాత పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి డబ్బు ఆగిపోయిన ముసలివాళ్ళను సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకొనిపోవడం. అందులో ఒక వితంతువుకు భర్త సర్వీసు కాగితాల్లో వున్న పేరు వేరు, ఆధారు కార్డులో వున్న పేరు వేరు. ఆమె కోసం ఆయన నాలుగుసార్లు సెలవు పెట్టుకొని తిరిగాడు. "ఎందుకింత కష్టం?" అని అడిగితే, "మా పటాలం వాళ్ళకు మేము చెయ్యకపోతే ఎవురు చేస్తారు సార్?" అన్నాడు. ఇదే మనిషి ఎన్నికలప్పుడో సమ్మెలప్పుడో లాఠీ పట్టుకొని మన ఎదుట నిలబడతాడు. అప్పుడు మనకు లాఠీ కనిపిస్తుంది. కనిపించవలసిందే. కాని కథ వ్రాసేవానికి అదొక్కటే కనిపిస్తే చాలదు.

మన కథలలో పోలీసును మనిషిగా చూచినవారు లేకపోలేదు. రావిశాస్త్రి "ఆరు సారా కథలు" చదివితే, చట్టం అన్న పెద్ద యంత్రంలో కానిస్టేబులు కూడా ఒక నలిగిపోయే పళ్ళచక్రమే అని తెలుస్తుంది. కాని అది సారా, కోర్టుల ప్రపంచం, ఉత్తరాంధ్ర పట్నాల ప్రపంచం. పొలం వానకు వదిలేసి సైన్యానికి పోయి, తిరిగివచ్చి ఖాకీ తొడుక్కొన్న సీమ మనిషి మన కథల్లో బహు తక్కువగా కనిపిస్తాడు. సినిమాలో దొరుకుతాడు గాని, అక్కడ జెండా ముందు కన్నీళ్ళు కార్చడం, బాంబులు విసిరేవాళ్ళ మధ్య ఒంటిచేత్తో పోరాడడం తప్ప అతనికి వేరే పని వుండదు. అతనికి పింఛను ఎంత, బాడుగ ఎంత, చేను ఎవరు చూస్తున్నారు అని సినిమా అడగదు. అడిగితే హీరో ఎత్తు తగ్గుతుందని భయం కాబోలు.

2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ళ కొలువు, నాలుగింట ఒకరిని మాత్రమే వుంచుకొంటారు, మిగిలినవాళ్ళకు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధి, పింఛను లేదు. తిరిగివచ్చే వాళ్ళను ఏం చేయాలన్న ప్రశ్న రాగానే కేంద్రం ఇచ్చిన జవాబు: సాయుధ పోలీసు దళాల్లో 10 శాతం వాళ్ళకు. మన్రో కాలపు జవాబు మళ్ళీ వినిపించింది. పోలిక పూర్తిగా కుదరదని నాకు తెలుసు. కట్టుబడివానికి భూమి వుండేది, అగ్నివీరునికి లేదు. ఆనాటిది పరాయి కంపెనీ, ఈనాటిది మనం ఎన్నుకొన్న ప్రభుత్వం. ఐనా ఒక్క పోలిక కుదురుతుంది. 1846 ఉత్తరువు బ్రతికి వున్నవాని ఇనాం జోలికి పోకుండా తరువాతివాని ఇనాం కోసింది. అగ్నిపథ్ కూడా అప్పటికే పింఛను తీసుకొంటున్నవానిది ముట్టుకోలేదు. తరువాత చేరేవానిది తీసివేసింది. ఆ జూన్ 17న సికింద్రాబాదు స్టేషన్లో సైన్యానికి ఎదురుచూస్తున్న పిల్లలు రైలు పెట్టెలు తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. కాల్చినవానికీ కాలినవానికీ మధ్య తేడా ఎంత? ఒకే మైదానంలో పరుగెత్తినవాళ్ళు. ఒకనికి ఒక కొలువు దొరికింది, ఇంకొకనికి దొరకలేదు. మన పత్రికలలో కవితలు వచ్చాయి. చాలావరకు ఆవేశమే. ఆ నాలుగేళ్ళ కొలువు ఒక ఇంటి అప్పుల లెక్కలో ఎట్లా వచ్చి ఎట్లా పోతుందో చెప్పిన మంచి కథ కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

కొందరు మిత్రుల అభ్యంతరం ఒకటుంది. నరసింహారెడ్డి తిరుగుబాటును పింఛను గొడవగా, ఇనాం గొడవగా చెబితే దాని దేశభక్తి చిన్నబోతుందని వాళ్ళ బాధ. ఈ బాధ నాకు అర్థం కాదు. అన్నం కోసం తిరగబడడం దేశం కోసం తిరగబడడం కన్న తక్కువ ఎట్లా అవుతుంది? 1846లో కట్టుబడివానికి దేశమంటే ఏమిటి? కోవెలకుంట్ల నల్లరేగడిలో తన ఆరెకరాలో పదెకరాలో. దాని మీద చేయి వేసినవాడు పరాయివాడని అతనికి తెలిసిన రోజున అతడు ఏ పుస్తకమూ చదవకుండానే పరాయి పాలన అంటే ఏమిటో గ్రహించాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. అభిమానం, పౌరుషం, వంశం అన్న మాటలతో ఈ కథను చెప్పుకొన్న కొద్దీ అది ఒక కులం గర్వంగా కుదించుకొని పోతున్నది. ఇప్పటికే జయంతులకు ఎవరి కులంవాళ్ళు వాళ్ళ విగ్రహానికి దండ వేసి పోతున్నారు. ఇనాం తగవు దగ్గర మాత్రం ఈ గోడలు నిలవవు. చేను పోయేది అందరిదీ.

పాట సేకరణకు పోయే మా విద్యార్థులకు నేను ఈ మధ్య ఒక పని అదనంగా చెబుతున్నాను. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషను వేసింది. ప్రతి ఊళ్ళోనూ ఏ ఇనాం ఎవరిది, ఏ పనికి ఇచ్చారు, ఎంత విస్తీర్ణం అని విచారించి రిజిస్టర్లు వ్రాయించింది. తిరుగుబాటు అణగి అప్పటికి పదకొండేళ్ళే. కోవెలకుంట్ల, గిద్దలూరు, జమ్మలమడుగు ప్రాంతాల పాత ఇనాం రిజిస్టర్లలో కట్టుబడి పని కింద వున్న భూమి ఎదుట మనిషి పేరు, తండ్రి పేరు వుంటాయి. పాట పాడే అవ్వ దగ్గర కూర్చున్నప్పుడు పాట అయిపోగానే సంచీ సర్దుకొని లేవవద్దు. ఊరి చుట్టూ వున్న చేల పేర్లు అడగండి. కట్టుబడి చేను, బంట్రోతు మాన్యం అన్న పేరు ఒకటి వినబడితే, అది ఏ సర్వే నంబరో వ్రాసుకొని రండి. రిజిస్టరు తెరిచి ఆ నంబరు ఎదుట ఎవరి పేరు వుందో చూద్దాము.